పలక మీద రెండు సున్నాలు

నా చిన్నప్పుడు, నాకింకా పదేళ్ళు నిండని ఒక వేసవి సెలవుల్లో, ముదినేపల్లి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో ఉన్నాను. మా పిన్ని తొలికాన్పుకి అక్కడికే వచ్చింది. నాకు జడలు వేసేది, వైకుంఠపాళిలో కావాలని నాకు ఓడిపోయేది. ఇప్పటికీ ఆ సెలవులు తలుచుకుంటే నాకు ముందు వచ్చేది కోపమే.

ఒక ఆదివారం పొద్దున పిన్నికి ఉమ్మనీరు పోయింది. నొప్పులు మాత్రం అంతంతగానే ఉన్నాయి. మా తాతయ్య ఊళ్ళో సూదిమందు వేసే ఆయనకి కబురు పెట్టారు. ఆయన డాక్టరు చదువు చదవలేదు, ఎక్కడో కాంపౌండరుగా చేసి వచ్చాడంతే. అయినా అందరం డాక్టరుగారనే వాళ్ళం. ఆయన పిన్నిని పరీక్ష చెయ్యకుండానే నొప్పులు తెప్పించే సూది వేశాడు. కాసేపటికి పిన్ని అరుపులతో ఇల్లు దద్దరిల్లింది. "ముక్కు, ఇంకా ముక్కు" అని చుట్టూ చేరిన ఆడవాళ్ళు గదమాయించారు. ఒకావిడ రెండు చేతులతో పొట్టని కిందికి నొక్కింది. మధ్యాహ్నం దాకా అదే తంతు. "నావల్ల కాదమ్మా" అని పిన్ని ఏడిస్తే, ఈ కాలం పిల్లలకి ఓర్పు లేదన్నారు. నేను తలుపు సందులోంచి అంతా చూశాను.

పక్కింటి నర్సమ్మగారు చర్చి నుంచి వస్తూ ఆ కేకలు విని లోపలికి వచ్చారు. మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు కాన్పులు చేసిన మనిషి. చేతులు కడుక్కుని పిన్నిని పరీక్ష చేశారు. అప్పటికి ఆ సూది ఆయన రెండో సూదిలోకి మందు ఎక్కిస్తున్నాడు. ఆవిడ అది లాక్కుని పెరట్లోకి విసిరేశారు.

"రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోలేదండీ! ఏం చూసి ముక్కమంటున్నారు?"

అంత మెత్తగా మాట్లాడే మనిషి గొంతు అలా లేవడం అప్పుడే విన్నాను.

రోడ్డు మీద చేపల లారీ ఆపి పిన్నిని ఏలూరు తీసుకెళ్ళారు. ఆపరేషన్ చేసి పిన్నిని బతికించారు. బిడ్డ అప్పటికే పోయాడు.

పిన్ని ఇంటికి వచ్చాక, పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ అమ్మమ్మ "సరిగ్గా ముక్కలేకపోయింది" అని చెప్పేది. పిన్ని గోడవైపు తిరిగి పడుకుని వింటూ ఉండేది. ఒకరోజు ఆ మాట నర్సమ్మగారి చెవిన పడింది. ఆవిడ నన్ను పిలిచి నా పలక, స్కేలు తెమ్మన్నారు. వసారాలో ఉన్న తాతయ్యనీ పిలిచారు. ఆడవాళ్ళ సంగతులు నాకెందుకమ్మా అని ఆయన వెళ్ళిపోబోతే, "సూది ఆయనకి కబురు పెట్టింది మీరేనండీ, కూర్చోండి" అన్నారు.

పలక మీద ఒక చిన్న సున్నా చుట్టారు. పక్కనే, స్కేలుతో కొలిచి, పది సెంటీమీటర్ల సున్నా గీశారు.

"గర్భాశయ ముఖద్వారం అంటారండీ దీన్ని. బిడ్డ తల రావాలంటే ఇంత తెరుచుకోవాలి. ఆ రోజు తెరుచుకుంది ఈ చిన్నదంతే. ఇందులోంచి బిడ్డని తొయ్యమని అందరూ కలిసి తిట్టారు. ఎలా తోస్తుందో మీరే చెప్పండి."

ఆవిడ ఆగకుండా చెప్పుకుపోయారు. అది తెరుచుకోనప్పుడు ఆసుపత్రిలో మెత్తటి రబ్బరు గొట్టం పెట్టి, దాని కొసనున్న చిన్న బుడగలో నీళ్ళు నింపుతారట. ఆ బుడగ ద్వారాన్ని నెమ్మదిగా తెరుస్తుందట. నొప్పులకి మందు కూడా ఇస్తారట, కానీ సెలైనులో చుక్కచుక్కగా, బిడ్డ గుండె చప్పుడు వింటూ. "మందు చెడ్డది కాదండీ. చూడకుండా, కొలవకుండా పొడిచెయ్యడమే చెడ్డ" అన్నారు.

పిన్ని ఇటు తిరిగి పలక వైపు చూసింది.

"అయితే నా తప్పు కాదా, నర్సమ్మగారూ?"

"కాదు తల్లీ."

బిడ్డ పోయాక పిన్ని బిగ్గరగా ఏడవడం అదే మొదలు. అమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తాతయ్య తల ఎత్తలేదు.

తర్వాత పిన్నికి ఆసుపత్రిలో క్షేమంగా కూతురు పుట్టింది. సూది ఆయన్ని మాత్రం ఊళ్ళో ఎవరూ నిలదీయలేదు, ఆయనా సూదులు మానలేదు. తన సొంత కూతురి కాన్పుకి మాత్రం నెల ముందే ఏలూరు తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించాడు. అది తెలిసిన రోజు వచ్చిన కోపం, అరవై దాటినా, నాలో చల్లారలేదు. చల్లార్చుకోవాలని కూడా లేదు.

ఇప్పుడు మా వీధిలో ఏ పిల్లకి నొప్పులొచ్చినా ఆసుపత్రికి తోడు వెళ్తాను. అక్కడ ఎవరైనా ఆ పిల్లని ఓర్పు లేదని కసరబోతే, డ్యూటీ నర్సుని పిలిచి "ఎంత తెరుచుకుందమ్మా?" అని అడుగుతాను. ఆవిడ చూసి చెప్పేదాకా ఆ పిల్లని ఒక్క మాట అననివ్వను.