వస్తానన్న పడవ

మా కాలవల దొరగారికి తెలుగు నాకంటే బాగా వచ్చు. నాకు మా అమ్మ నేర్పింది, ఆయనకు వ్యాకరణం నేర్పింది. ఆయన "గుఱ్ఱమునకు గడ్డి వేయుము" అంటే గుర్రం కూడా ముందుకాళ్ళు కట్టుకొని వినేది. ఆ తెలుగు ధర్మమా అని ఒక వైశాఖమాసపు పగటిపూట సముద్రం మధ్యన నా ప్రాణం గొంతులోకి వచ్చి కూర్చుంది. తల నెరిసిన ఈ వయసులో కూడా అది పూర్తిగా కిందికి దిగలేదు.

దొరగారికి ఉద్యోగం కాలవల మీద, ప్రాణం సముద్రపు పిట్టల మీద. కోరంగి దిగువన, గోదావరి సముద్రంలో కలిసేచోట చిన్న ఇసుకతిప్ప ఒకటుంది. ఎండాకాలంలో రేవుపిట్టలు దాని మీద గుడ్లు పెడతాయి. తలకు నల్లటోపీ, పసుపు ముక్కు, కత్తెరలాంటి తోక. గూడూ గీడూ ఏమీ కట్టవు. ఇసుకలో పొట్టతో ఒక గుంట చేసుకొని అందులోనే సంసారం. పోటునీళ్ళు ఆ గుంట అంచుదాకా వస్తే పిట్ట గుడ్ల మీంచి లేస్తుందా, కూర్చునే ఉంటుందా? ఇదీ ఆయనగారి పరిశోధన. అందుకని పౌర్ణమి పోటు చూసి మరీ బయల్దేరారు. గొడుగు పట్టడానికీ, చెప్పింది రాయడానికీ ఆయన గుమాస్తాను నేను.

పడవవాడితో రాకపోకల ఏర్పాట్లన్నీ దొరగారే తమ తెలుగులో స్వయంగా మాట్లాడారు. వాడు ఆసాంతం విని "చిత్తమండి" అన్నాడు. చిత్తమన్నవాడికి అర్థమైనట్టేనని దొరగారి నమ్మకం. బొత్తిగా అర్థం కానప్పుడే మావాళ్ళు చిత్తమంటారని నాకు తెలుసు.

తిప్ప మీద కాలు పెట్టేసరికి భూలోకంలోని పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. సూర్యుడు కనిపించలేదు. వాటిలో సగం నా తలపాగాకు సున్నం వేశాయి. తక్కిన సగం, అది ఆరితే రెండో పూత వేద్దామని పైనే కాచుకున్నాయి. ఈ గోలలో పడవవాడు మంచినీళ్ళ కుండ దింపి, "వస్తానండి" అని తెడ్డు వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

అక్కడ పట్టుకుంది నాకు భయం.

"పడవ మళ్ళీ వస్తుందంటారా దొరగారూ?"

"వచ్చును. వచ్చెదనని వాడే పలికెను గదా."

మా వైపు పోయేవాడెవడూ పోతానని అనడు, అశుభం. పేరంటానికి వచ్చినావిడా వస్తాననే లేస్తుంది, కాశీకి పోయే ముసలాయనా వస్తాననే గడప దాటుతాడు. మా పెదనాన్న మంచం మీద ఆఖరి ఊపిరి తీస్తూ "వస్తానురా అబ్బాయ్" అన్నాడు. ఆయన ఇంతవరకూ రాలేదు. ఇదంతా దొరగారికి విప్పి చెప్పాను. ఆయన, వచ్చుట యనగా పోవుట యని వ్యాకరణమున ఎచ్చటను లేదని తేల్చేసి, పిట్ట వైపు తిరిగారు.

పోటు మొదలైంది. ఉప్పెన కబుర్లు ఉగ్గుపాలతో కలిపి తాగినవాణ్ణి నేను. కాలి వేలికి అల తగిలితే నాకు తాడిచెట్టంత కనపడింది. నీరు ఒక్కొక్క జానెడే ముందుకు వస్తుంటే దొరగారు పెళ్ళివారిని చూసినట్టు "వచ్చుచున్నది, వచ్చుచున్నది" అని సంబరపడుతున్నారు. అది పడవనుకొని నేను లేవడం, నీళ్ళని తెలిసి కూలబడడం. ఆయన ఎంచుకున్న పిట్ట మాత్రం పొట్ట తడుపుకొని వచ్చి, గుడ్లకు చల్లదనం పట్టించి, మళ్ళీ తాపీగా కూర్చుంది. నురుగు గుంట అంచును తాకింది. పిట్ట కాస్త లేచి, కాళ్ళతో ఇసుక ఎగదోసి, తిరిగి సర్దుకుంది.

"లేవలేదు. వ్రాయుము."

రాశాను. కళ్ళు నీళ్ళ మీదే ఉండి ఒక్కో అక్షరం కాకినాడ నుంచి యానాం దాకా సాగింది. మేం నిలబడ్డ జాగా అప్పటికి చాపంత అయింది. దొరగారికి ఈత వచ్చునా అని అడిగాను. రాదట. పిట్టకు కూడా అంతంతమాత్రమేనని, అయినా అది కదలలేదు చూడమని నాకు ధైర్యం చెప్పారు. దానికి రెక్కలున్న సంగతి ఆయనకు తట్టలేదు.

నీరు మా పాదాల మీదికి ఎక్కాక, మేం చూస్తున్న దిక్కున కాదు, వెనకనుంచి వచ్చింది పడవ.

"ఏమయ్యా, ఇప్పుడా రావడం?" అన్నాను. అడుగుతూనే పడవ అంచు రెండు చేతులా పట్టుకున్నాను.

"ఇసుక మేటేసిందండి, చుట్టు తిరిగొచ్చాను. వస్తానని చెప్పే కదండి ఎల్లాను, పంతులుగారండి."

"వెళ్ళేవాళ్ళందరూ అనే మాటేగా అది."

"ఆయ్. అందరూ వచ్చేత్తారు కదండి మరి."

మా పెదనాన్న సంగతి ఎత్తబోయి మానుకున్నాను.

పడవ కదిలింది. గుంట చుట్టూ నీళ్ళు, మధ్యన ఆ పిట్ట. మెడ చాచి మా వైపే చూస్తోంది. ఆడకూతురిని అలా నీళ్ళలో వదిలేసి పోతుంటే ఏదో ఒకటి అనాలి కదా. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది: "వస్తామే తల్లీ."

దొరగారు గిరుక్కున తిరిగారు. ముఖం దీపస్తంభంలా వెలిగిపోతోంది.

"మంచి మాట పలికితివి. ఱేపు పోటు ఇంకను పెద్దది. తప్పక వచ్చెదము."

పడవవాడు నవ్వు దాచుకోవడానికి తెడ్డు మీదికి వంగాడు. నేను వ్యాకరణం గురించి ఏదో అనబోయి వెనక్కి చూశాను. పిట్ట లేవలేదు. మాట ఇచ్చావు సుమా అన్నట్టు, కళ్ళు నా మీదినుంచి తీయనూ లేదు.