కొండ మీది కునుకు

మా ఆయన మలేషియాలో కినాబలు కొండ మీద వంట చేసేవారు. మూడు వేల మీటర్ల పైన, శిఖరం ఎక్కబోయేవాళ్లు ఆగే బసలో వంటగది ఆయన చేతిలోనే ఉండేది. నేను కౌలాలంపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉండేదాన్ని. నాది విజయనగరం. ఆయన, తాతల కాలంలోనే మలేషియాకి వలసొచ్చిన కుటుంబంలో, సుంగై సుమున్‌లో పుట్టిన తెలుగాయన. మాట్లాడుతుంటే పోయిన మా నాయనమ్మ యాస వినబడేది. పెళ్లికి ఒప్పుకోవడానికి అదీ ఒక కారణం.

రానురాను సెలవుకి దిగి వచ్చిన మనిషి వేరుగా కనబడసాగారు. అన్నం కలుపుతూనే నిద్రలోకి జారిపోయేవారు. పలకరిస్తే విసుగు.

"తలనొప్పి లా, ఇంకేటీ నేదు" అని, మాట చివర ఇక్కడివాళ్లందరిలా ఆ "లా" తగిలించి, అటు తిరిగేవారు.

నాకు పనిలో మనసు నిలవలేదు. చివరికి నేనే కొండెక్కాను.

యాత్రికులు తెల్లవారకముందే బయల్దేరతారు గనక అక్కడి వంటవాళ్లు మధ్యాహ్నమే పడుకుంటారు. నేను చేరేసరికి ఆయన గాఢనిద్రలో ఉన్నారు. పక్కనే కూర్చున్నాను. ఊపిరి మెల్లగా మొదలై, పరుగెత్తి వచ్చినవాడి రొప్పులా పెరిగింది. మళ్లీ తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. ఛాతీ కదలలేదు. ఇక ఉండబట్టలేక భుజం పట్టి కుదిపేశాను.

"ఏటి? ఏటయింది?"

"మీ ఊపిరి ఆగిపోయింది!"

"బతికే ఉన్నాను గదా లా! ఇక్కడ గాలి పల్చన. అందరికీ ఇంతే."

పక్క మంచం మీదున్న తోటి వంటాయన ఆ కొండ కింది ఊరివాడే. నా మొహం చూసి, విషయం గ్రహించి, మలయ్‌లో అన్నాడు: "మాకూ మొదట్లో అలాగే ఉండేది, సర్దుకుంది. మీ ఆయనకే తగ్గలేదు. ఒక్కోసారి నేనే తట్టి లేపుతాను."

దిగిపొమ్మని బతిమాలాను. "కింద ఏటి సేస్తాను? అక్కడ నా నెత్తి మీద ముగ్గురుంటారు. ఇక్కడ నాను సెప్పిందే వంట" అన్నారు.

ఎక్కిన అలసటకి నాకూ కునుకు పట్టింది. నీళ్లలో ముంచి వదిలినట్టు ఎగశ్వాసతో లేచేసరికి ఆయన నేల మీద కూర్చుని నా మణికట్టు పట్టుకుని ఉన్నారు. మొహం పాలిపోయింది.

"నీకూ ఆగిపోతంది" అన్నారు. "నాను పడుకుంటే ఇలాగే ఉంటాదా?"

"ఇంతకన్నా ఎక్కువ."

మర్నాడు నాతోపాటే కొండ దిగారు.

కౌలాలంపూర్‌లో నిద్ర పరీక్ష చేసిన డాక్టరమ్మ విడమరచి చెప్పింది. ఎత్తులో ప్రాణవాయువు చాలక మనిషి గబగబా పీలుస్తాడట. ఆ వెంటనే మెదడు కాసేపు ఊపిరి సంగతే మరిచిపోతుందట. ఈయనకి దానికి తోడు నిద్రలో గొంతు కూడా మూసుకుపోతోంది. మళ్లీ కొండెక్కొద్దంది.

ఇప్పుడు సముద్రపొడ్డున పోర్ట్ క్లాంగ్‌లో ఒక క్యాంటీన్‌లో వండుతున్నారు. ముక్కుకి మాస్కు పెట్టుకుని, చిన్న మిషన్ గాలి ఊదుతుంటే పడుకుంటారు. తలనొప్పులు పోయాయి. ఆ వంటగది మీద బెంగ మాత్రం పోలేదు. చల్లటి గాలి వీస్తే చాలు, మాట మధ్యలో ఆగిపోతారు.

నా నిద్రే పాడైంది. ఆదివారం మధ్యాహ్నం ఆయన నడుం వాలిస్తే పత్రిక తెరుచుకుని కూర్చుంటాను. ఒక్క వాక్యమూ తలకెక్కదు. ఆయన ఛాతీకేసే చూస్తుంటాను.

"పడుకోయే. గాలి ఆడతంది గదా" అంటారు, కళ్లు తెరవకుండానే.