జోగిని మళ్లీ పిలిచిన పాట

2023, చలికాలం. మా పాపకు అప్పటికి పద్నాలుగు నెలలు. యూరప్ నుంచి వచ్చిన ఒక సంగీత, సినిమా బృందానికి నేను తెలుగు నేల సరిహద్దు అవతలి అడవుల్లోని బీజాపూర్ జిల్లాలో ఫిక్సర్‌గా పనిచేస్తున్నాను. ఫిక్సర్ అంటే దుబాసీ, దారి చూపే మనిషి, ఊరి పెద్దల అనుమతి అడిగే మనిషి, ఎవరికైనా కడుపునొప్పి వస్తే మాత్రలు తెచ్చే మనిషి. మా నాన్న కిరండూల్ లైన్లో రైల్వే ఉద్యోగి. విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ, దోర్లీ. కాలేజీ ఇంగ్లీషు తోడై ఈ పని దొరికింది.

వాళ్ల సంగీతకారులూ మా అడవి ఊళ్ల పాటగాళ్లూ కలిసి ఒక ప్రదర్శన తయారు చేయాలి. దాని మీద ఒక సినిమా తీయాలి. సాంస్కృతిక వినిమయం అని కాగితాల మీద రాసుకున్నారు. దర్శకురాలు క్లారా నేల మీద కూర్చుని అందరితో పాటు జావ తాగేది. ఢిల్లీ నుంచి వచ్చిన కోఆర్డినేటర్ నిఖిల్‌కు మాత్రం ఎప్పుడు చూసినా తొందరే.

ముత్తమ్మ దోర్ల తెగ రైతు కుటుంబం మనిషి. పంతొమ్మిదేళ్ల కూతురు జోగి ముందటి వానాకాలం జ్వరంతో పోయింది. వాగు పొంగి జీపు రాలేదు. మేం వెళ్లిన రోజు ఆ పిల్ల పేరు మీద రాయి నిలబెడుతున్నారు. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. రాయి నిలబెట్టిన రోజు తల్లి బిడ్డను పేరు పెట్టి పిలిచి, ఆ పిల్ల ఏం తిన్నదో, ఏం పని చేసిందో, ఎట్లా నవ్వేదో అంతా పాడుతుంది. చివర్లో దారి చెప్పి, వెనక్కి చూడకుండా పొమ్మంటుంది. ఆ తరువాత ఆ పేరు పైకి పిలవరు.

రికార్డు చేసుకోవచ్చా అని అడిగితే ముత్తమ్మ ఒప్పుకుంది. "నా బిడ్డ ఎట్లాంటిదో దూరపోళ్లకు కూడ తెల్వాలె," అంది.

రికార్డింగుకు ముందు రిలీజ్ ఫారం మీద సంతకం తీసుకుంటారు. పాడిన మనిషి తన పాటను వాడుకోవడానికి ఒప్పుకున్నట్టు రాసిన కాగితం అది. దాన్ని చదివి వినిపించడం నా పని. పాపకు ఆ రోజు ఒళ్లు వెచ్చగా ఉంది, అమ్మ దగ్గర వదిలి వచ్చాను. ఫోన్‌కు సిగ్నల్ లేదు. నా ప్రాణమంతా ఇంటి దగ్గరే ఉంది. "పెద్దమ్మా, నీ పాట పట్టుకుంటాం, వాళ్ల దేశంలో వినిపిస్తాం," అని రెండు ముక్కల్లో తేల్చేశాను. కత్తిరించుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు అన్న పేరా చదవలేదు. ముత్తమ్మ నా మొహం చూసి వేలిముద్ర వేసింది.

ఆమె పాడింది. నేను తల ఎత్తలేకపోయాను. పాట సగంలో ఉండగా పక్క దారిలో మోటారుసైకిల్ ఒకటి పోయింది.

పాట అయిపోగానే, ఇంకో టేక్ కావాలన్నాడు నిఖిల్. టేక్ అంటే ఒకసారి తీసిన రికార్డింగు. బండి చప్పుడు పడిందట. "దీదీ, ఏక్ బార్ ఔర్. ఐదు నిమిషాల పని. అడగండి."

అడక్కూడదని నాకు తెలుసు. అయినా అడిగాను.

"ఏంది బిడ్డా, మంచిగ పాడలేదా?"

"పాడినవ్ పెద్దమ్మా. బండి చప్పుడు పడ్డదట. ఇంకోసారి అంటుండ్రు."

"పొమ్మని సాగనంపిన కద. మల్ల పిలిచి, మల్ల పొమ్మనాల్నా? నీకు పిల్లలున్నరా?"

"ఒక పాప."

"మరి ఎట్ల అడుగుతున్నవ్?"

ఆమె చెప్పిందంతా నిఖిల్‌కు హిందీలో విడమరిచి చెప్పాను. అతను క్లారా వైపు తిరిగి ఇంగ్లీషులో ఒక్క ముక్కే అన్నాడు: ఆమె అలసిపోయిందట. క్లారా అయ్యో అంది. నేను పక్కనే నిలబడి విన్నాను. గొడవ తీరిందిలే, ఇంటికి పోవచ్చులే అనుకుని నోరు మూసుకున్నాను.

నాలుగు నెలల తరువాత సబ్‌టైటిల్స్ రాయమని ప్రదర్శన వీడియో లింకు పంపారు. పాపకు అన్నం పెడుతూ ఫోన్లో పెట్టాను. డప్పులు, ఏదో యంత్రం మోత, మధ్యలో ముత్తమ్మ గొంతు. "జోగీ." మళ్లీ "జోగీ." మళ్లీ. పాటలో ఒక ముక్క తీసి తిప్పి తిప్పి వినిపించడాన్ని లూప్ అంటారు. ఆమె వద్దన్న పనిని యంత్రం చేత చేయించారు.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "ఏటే ఆ గోల? ఎవలే ఆ జోగి? అస్తమానూ పిలుస్తన్నారు, పలకదేటి?"

నాకు ఒళ్లు మండిపోయింది. వెంటనే నిఖిల్‌కు ఫోన్ చేశాను.

"ఫారం మీద వేలిముద్ర ఉంది దీదీ. రెండు షోలు కూడా అయిపోయాయి. అక్కడ జనం ఏడ్చారు, తెలుసా?"

"ఎవరి పేరో తెలిసే ఏడ్చారా? ఆమె అలసిపోయిందని చెప్పింది నువ్వు కాదూ?"

"ఆర్ట్‌ను ఆర్ట్‌లా చూడండి."

"నీ ఇంట్లో పోయినవాళ్ల పేరు పెట్టి తిప్పు, అప్పుడు చూస్తాను."

అతను ఫోన్ పెట్టేశాడు. లూప్ తీసేదాకా ఒక్క అక్షరం రాయనని క్లారాకు రాశాను, ఎందుకో కూడా రాశాను. ఆమె ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. ఒక్కటే అడిగింది: "నువ్వు అక్కడే ఉన్నావు కదా. నాకు ఎందుకు చెప్పలేదు?"

నిఖిల్ మీద ఎంత కోపం వచ్చిందో ఆ ప్రశ్నకు నా మీద నాకు అంతకు రెట్టింపు వచ్చింది. ఇప్పటికీ ఉంది.

క్లారా లూప్ తీసేసింది. ఇప్పుడా పాట మొదటి నుంచి చివరిదాకా ఒకేసారి వస్తుంది, మోటారుసైకిల్ చప్పుడుతో సహా. కానీ ఆ రెండు షోలను ఎవరు వెనక్కి తెస్తారు? ముత్తమ్మకు చెప్పాలన్న ఆలోచన కూడా వాళ్లెవరికీ రాలేదు. పాపను ఎత్తుకుని జీపెక్కి నేనే వెళ్లాను.

ఆమె గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నేను చదవకుండా వదిలేసిన పేరా గురించి, లూప్ గురించి, అన్నీ చెప్పాను. చెయ్యి ఆపకుండానే వింది.

"శానసార్లు పిలిచిండ్రా?"

"శానసార్లు, పెద్దమ్మా."

"వచ్చిందా?"

నేను పాపను ఇంకో చంకకు మార్చుకున్నాను.

"రాదు. నా బిడ్డ చెప్పిన మాట ఇంటది. పొమ్మన్న, పోయింది." అప్పుడు తలెత్తి నన్నూ, నా చంకలోని పాపనూ చూసింది. "ఇననిది మీరే."

అప్పటి నుంచి రిలీజ్ ఫారంలో ఏ వాక్యాన్నీ వదలను. జీపు హారన్ కొట్టినా, చీకటి పడుతున్నా, ఫోన్లో ఇంటి నంబరు మోగినా సరే, చివరిదాకా చదివి, అర్థమైందా అని అడిగి, అవతలి మనిషి వద్దంటే ఎందుకు వద్దంటున్నదో వచ్చినవాళ్ల మొహం మీదే, వాళ్ల భాషలోనే నేను చెబుతాను. నా మాటను మధ్యలో ఇంకొకరి చేతికి ఇవ్వను. ఈ మనిషితో చాలా ఆలస్యమవుతుందని రెండు బృందాలు నన్ను పక్కన పెట్టాయి. పెట్టనివ్వండి.

మా పాప ఇప్పుడు పరుగులు తీస్తోంది. ఒకసారి పిలిస్తే రాదు. రెండోసారి పిలిచినప్పుడల్లా, అది పలికేదాకా, నా గొంతు వింటే నాకే భయమేస్తుంది.