గుడ్ మార్నింగ్ దీవిలో మా కాక పెరుగు దుకాణం

మొన్న శాలిబండలో షేర్ ఆటో ఎక్కి కూర్చుంటూ, అలవాటు ప్రకారం లోపలున్న వాళ్ళందరికీ గుడ్ మార్నింగ్ చెప్పాను. ముగ్గురు పట్టే ఆ ఆటోలో ఆ పూట సగం పాతబస్తీ కూర్చుని ఉంది, అంతమందిలో ఒక్కరూ నోరు విప్పలేదు సరికదా, ఒకాయన జేబు మీద చెయ్యి వేసుకున్నాడు, ఒకామె పిల్లను ఒళ్ళోకి లాక్కుంది, డ్రైవరు నన్ను చార్మినార్ దాకా అద్దంలోంచి పరిశీలించి, "ఏందన్నా, ఎలక్షన్ల నిలబడుతున్నవా?" అని అడిగాడు. కాదన్నాను. "మరి ఇన్సూరెన్సా?" అన్నాడు. మనిషి మనిషిని పలకరించడానికి ఇంతకంటే వేరే కారణం ఉంటుందని ఆయనకు తోచలేదు, పాపం ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. ఈ పలకరింపుల జబ్బు నాకు ఇక్కడ తగిలింది కాదు. మీరూ నేనూ నల్లజుట్టుతో తిరిగిన రోజుల్లో, కరీబియన్ సముద్రంలోని ఒక చిన్న దీవి దేశంలో మా కాక పెట్టుబడి పెట్టినప్పుడు, ఆయన వెంట వెళ్ళి నేను తగిలించుకొచ్చింది.

కాక అంటే మా బాపుకు తమ్ముడు. శాలిబండలో మాది తాతల నాటి పాల వ్యాపారం. మా బర్రెలు రోడ్డు దాటుతుంటే బహదూర్‌పురా జూ పార్కులో ఏనుగులు చిన్నబోయి గోడవైపు తిరిగి నిలబడేవని కాక చెప్పేవాడు. నేను కొంచెం తగ్గించే చెబుతున్నాను. పత్తర్‌గట్టి ముత్యాల దుకాణంలో పనిచేసి, ఆ తర్వాత ఆ దీవికి పోయి ఓడల్లో వచ్చే టూరిస్టులకు నగలు అమ్ముకుంటున్న ఆయన చిన్ననాటి దోస్తు ఒకసారి సెలవులకు వచ్చి, మా అరుగు మీద చాయ్ తాగుతూ, అక్కడ పాలన్నీ డబ్బాల్లోనే వస్తాయని మాటవరసకు అన్నాడు. కాక చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. గడ్డపెరుగు ఎరగని దేశం ఒకటి భూమ్మీద ఉందా! ఆ జనం మీద జాలితో ఆయన వారం రోజులు సరిగ్గా తిండి కూడా తినలేదు, అంటే పూటకు రెండుసార్లు మాత్రమే వడ్డించుకున్నాడు. పైగా బయటి నుంచి వచ్చి వ్యాపారం పెట్టేవాళ్ళను అక్కడి సర్కారు చేతులు చాచి పిలుస్తోందట. ఇంకేముంది, కొట్టంలోనూ బర్రెల్లోనూ తన వాటా మొత్తం మా బాపుకు ఇచ్చేసి, ఆ సొమ్ముతో దీవికి బయలుదేరాడు. డిగ్రీ చదివి ఊరికే తిరుగుతున్న నాకు ఇంగ్లీషు వచ్చని ఇంట్లో ఒక పుకారు ఉండేది కాబట్టి నన్నూ పట్టుకెళ్ళాడు.

కాక భార్య, మా చిన్నమ్మ మాత్రం కదలనంది. "సముద్రం జూసుడుకు నేనెందుకు? ఆ దేశపోళ్ళు నీ పెరుగు తిన్ననాడు చెప్పు, వస్త. తినకుంటె నువ్వే రా, మీ అన్న కొట్టంల పేడ ఎత్తు" అని గుమ్మంలో నిలబడి తేల్చేసింది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ వ్యాపారం మునిగితే, నిన్నటిదాకా తనదైన కొట్టంలోనే కాక జీతానికి నిలబడాలి. నడిస్తేనే ఆయనకు చిన్నమ్మ, ఇల్లు, తలెత్తుకునే ముఖం.

ఆ దీవి ఎంత చిన్నదంటే, పైలట్ బ్రేకు వేయడం ఒక్క క్షణం ఆలస్యం చేస్తే విమానం పక్క దేశంలో ఆగుతుంది. ఒక ఒడ్డున ఉల్లిపాయ కోస్తే రెండో ఒడ్డున కళ్ళనీళ్ళు వస్తాయి. విమానాశ్రయంలో ఒక అధికారి కాక కాగితం మీద 'ఇన్వెస్టర్' అని రాశాడు. దాని అర్థం చెప్పించుకున్నాక, లుంగీ ఎగగట్టి ఆవుల్ని కడిగేటప్పుడు కూడా కాక నడకలో ఆ మాట కనబడేది. బర్రెలు దొరకలేదని రెండు రోజులు సంతాపం పాటించి, కొండవాలు మీద కాస్త నేల కౌలుకు తీసుకుని ఆవుల్ని కొన్నాడు. రోడ్డు పక్కన ఒక ఇంటి కింది భాగంలో దుకాణం పెట్టి, దాని వెనక గదిలో మేమిద్దరం కాపురం పెట్టాం. పై భాగంలో ఇంటామె, ఒంటరిగా ఉండే పెద్ద మనిషి, పెరట్లో కందిచెట్లు పెంచుకునేది. సముద్రం నడిబొడ్డున కందికాయలు చూసి కాక కళ్ళు చెమర్చాయి. ఇక పెరుగు తోడు సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది: పెరుగులో ముంచి ఎండబెట్టిన బట్టముక్కను చిన్నమ్మ మా పెట్టెలో పెట్టింది. తనిఖీవాళ్ళు దాన్ని చేతిరుమాలనుకుని వదిలేశారు. ఆ బట్టతో తోడుపెట్టిన మొదటి పెరుగు ఎంత గట్టిగా వచ్చిందంటే, చెంచా దిగలేదు, దిగింది మళ్ళీ బయటికి రాలేదు.

అయితే కొనే నాథుడు లేడు. మనుషులు రాకపోవడం కాదు, వచ్చేవాళ్ళు. తీరిగ్గా లోపలికి వచ్చి, టోపీ తీసి, ఏదో మెల్లగా అనబోయేలోపే కాక "హౌ మచ్? క్విక్, క్విక్!" అని గిన్నె అందుకునేవాడు. తెల్లారి పాలకోసం వంద చేతులు ఒకేసారి చాచే శాలిబండలో, అడగకముందే పోసి పంపడం కంటే మర్యాద లేదు మరి. వాళ్ళు ఆయన్ని ఒక చూపు చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నేను బస్సెక్కి గమ్మున కూర్చుంటే బస్సంతా నావైపు తిరిగేది. ఈ జనానికి మనం గిట్టలేదు, మన పెరుగు అంతకన్నా గిట్టలేదు అని మేమిద్దరం తీర్మానించుకుని, పొద్దున అమ్మాల్సింది మధ్యాహ్నం మేమే తాగుతూ ఉండేవాళ్ళం. ఆ రోజుల్లో నా ఒంట్లో నెత్తురు ఉండేదనుకోను, అంతా మజ్జిగే.

ఆదివారం ఆదివారం చిన్నమ్మ ఫోను. మాకు పొద్దున, ఆమెకు పొద్దుగూకే వేళ. "ఇయ్యాలన్న ఎవరన్న కొన్నరా?" అని అడిగేది. కాక ఖాళీ దుకాణంలో ఈగల్ని తోలుతూ, "మస్తు కొన్నరు, లైను కట్టిండ్రు" అనేవాడు. అటువైపు చిన్నమ్మ "గట్లనా" అనేది. ఆ గట్లనాలో ఆమె ఒక్క ముక్క కూడా నమ్మలేదన్న సంగతి ఏడు సముద్రాలు దాటి మా గదిలో ప్రతిధ్వనించేది.

ఒక మధ్యాహ్నం మా ఆవు పలుపు తెంపుకుని ఇంటామె కందిచెట్లన్నీ నున్నగా మేసేసింది. కాక పరుగున మెట్లెక్కి, తలుపు తీసిన ఆమె ముందు చేతులు జోడించి, "కౌ ఈట్! హౌ మచ్? ఐ పే!" అన్నాడు. ఆమె నిమ్మళంగా "గుడాఫ్టర్నూన్" అంది. కాక మళ్ళీ "హౌ మచ్?" అన్నాడు. ఆమె మళ్ళీ "గుడాఫ్టర్నూన్" అంది. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. ఎండ కదిలింది, నీడలు పొడుగయ్యాయి, రెండు ఓడలు రేవుకు వచ్చి వెళ్ళిపోయాయి. చివరికి నేనే కాక మోచేయి గిల్లాను.

"కాకా, నువ్వు గూడ అను."

"ఏమని?"

"గుడాఫ్టర్నూన్ అని."

"అంటె ఏమైతది బే? ఆవు తిన్నది కక్కుతదా?"

"జర అని సూడు."

అన్నాడు. ఆమె ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. మమ్మల్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, నిద్ర బాగా పట్టిందా అని, ఇంట్లో ఆడమనిషి లేదేమని, ఆమెకు సముద్రం ఇష్టమేనా అని అడిగింది; తియ్యటి రొట్టె పెట్టింది; కందిచెట్ల మాట ఎత్తబోతే, వాన పడితే అవే చిగురిస్తాయని చేత్తో తోసేసింది. అప్పుడు, దాచుకున్న బాధ బయటపెడుతున్నట్టు, మీరొచ్చి ఇన్నాళ్ళయింది, నన్ను గానీ ఊళ్ళో మరొకర్ని గానీ ఒక్కపూట పలకరించలేదు, మా మీద మీకు కోపమేమో, మేమేం తప్పుచేశామో తెలియక ఊరంతా అనుకుంటున్నాం అంది. ఆ దీవిలో ముందు పలకరింపు, తర్వాతే బేరమట. వాళ్ళు టోపీ తీసి మెల్లగా అనబోయిన మాట అదేనట. మెట్లు దిగుతూ కాక నా భుజం పట్టుకుని ఆగిపోయాడు. "అరేయ్, వాళ్ళు మనకు గిట్టరని వాళ్ళనుకుంటున్నర్రా, మనం వాళ్ళకు గిట్టమని మనమనుకున్నం" అన్నాడు, చిన్న గొంతుతో. ఆయన గొంతు చిన్నదిగా ఉండగా నేను విన్నది ఆ ఒక్కసారే.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కాక గుమ్మంలో నిలబడ్డాడు. బడిపిల్లలకు చెప్పాడు, చేపలమ్మే ఆమెకు చెప్పాడు, పోలీసు జీపును ఆపి మరీ చెప్పాడు, ఎవరివో మేకలు పోతుంటే వాటికీ చెప్పాడు, అవే ముందు జవాబిచ్చాయి. మధ్యాహ్నానికి దుకాణంలో కూర్చోవడానికి చోటు లేదు. పెరుగు నచ్చిందని నేను అబద్ధం చెప్పను. మొదటి ముద్దకు అందరి ముఖాలూ పుల్లబడ్డాయి. అయినా మర్యాదకోసం గిన్నె ఖాళీ చేశారు. ఆ ఎండకు మజ్జిగ చేసి, అల్లం దంచి, బుడ్డ లాంతరులా ఉండే వాళ్ళ ఊరి మిరపకాయను చూపించీ చూపించనట్టు తగిలిస్తే మాత్రం, బస్సులు దారి మళ్ళి మా గుమ్మం ముందు ఆగడం మొదలుపెట్టాయి.

వచ్చిన ఆదివారం చిన్నమ్మ అదే ప్రశ్న అడిగింది. కాక జవాబు చెప్పకుండా ఫోను గుమ్మంవైపు చాపాడు. ఈసారి నిజంగానే లైను ఉంది. అందులో ఉన్న ఒక్కొక్కరూ ఫోను దగ్గరికి వచ్చి, సాయంత్రపు శాలిబండలో కూర్చున్న మా చిన్నమ్మకు గుడ్ మార్నింగ్ చెప్పి వెళ్ళారు. కాక ఫోను తిరిగి చెవికి పెట్టుకున్నాడు. అటునుంచి చిన్నమ్మ, "ఇంతమంది పలకరిచ్చే కాడ నువ్వొక్కనివే కూసున్నవా? టికెట్ పంపు" అంది.

నేను మూడేళ్ళకు తిరిగొచ్చేశాను, బాపుకు మోకాళ్ళు పోయాయి. వాళ్ళిద్దరూ అక్కడే ఉండిపోయారు. కాక పోయిన రోజు ఇల్లంతా నిండిపోయిందని, వచ్చిన ప్రతి మనిషీ టోపీ తీసి ముందు ఆయనకే గుడ్ మార్నింగ్ చెప్పి, ఆ తర్వాతే ఏడ్చారని చిన్నమ్మ చెప్పింది. దుకాణం ఇప్పటికీ ఆమే నడుపుతోంది.

ఇక్కడ మా కొట్టం ఉన్నచోట నాలుగంతస్తులు లేచాయి. పైఅంతస్తులో నేనుంటాను. పాల ప్యాకెట్ తలుపు గొళ్ళానికి వేలాడుతుంది. తెచ్చే మనిషి హెల్మెట్ తీయగా చూసినవాళ్ళు లేరు. నేను తలుపు తీసి గుడ్ మార్నింగ్ అనేసరికి లిఫ్టు కిందికి పోతూ ఉంటుంది. మా కొట్టంలో కూడా ఎవరూ ఎవరికీ గుడ్ మార్నింగ్ చెప్పలేదు, నిజమే. కానీ నీళ్ళెన్ని పోసినవని తిట్టకుండా, నిన్న మీ ఇంట్ల లొల్లి ఏందని అడగకుండా, పిల్లకు జ్వరం తగ్గిందా అని ఆగకుండా ఒక్క చెంబెడు పాలు కూడా మా గుమ్మం దాటలేదు. మా పలకరింపులు అవేనని, వాటిని పోగొట్టుకున్నాక గానీ తెలియలేదు.

ఆదివారం సాయంత్రం చిన్నమ్మ ఫోను ఇప్పటికీ తప్పదు. ఆటో సంగతి చెబితే పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక మెల్లగా అడిగింది:

"ఇయ్యాలన్న ఎవరన్న పలికిండ్రా బిడ్డా?"

తలుపు తీసే ఉంది. బయట మెట్ల మీద ఎవరూ లేరు.

"మస్తు పలికిండ్రు చిన్నమ్మా. లైను కట్టిండ్రు" అన్నాను.

"గట్లనా" అంది చిన్నమ్మ.