గాజు బీరువాలోని అస్తరు

మా టైలర్ మాస్టర్ పోయిన సోమవారం పొద్దున చనిపోయారు. చిక్కడపల్లి సందులో ఆయన దుకాణం పక్కనున్న ఎస్టీడీ బూత్ అన్న చెబితే తెలిసింది. గుండె ఆగిందట. విభాగంలో ఎవరి మేనత్త పోయినా మమ్మల్ని రెండు నిమిషాలు లేపి నిలబెట్టే మా మెడికల్ కాలేజీ, ఈ మనిషి కోసం కుర్చీ కూడా కదపలేదు. అందుకని ఈ నాలుగు ముక్కలూ నేనే నిలబడి రాస్తున్నాను. కాళ్లు నొప్పెడుతున్నాయి, కోపం మాత్రం తగ్గడం లేదు.

మొదటి ఏడాది ఏప్రాన్ పొట్టి చేయించుకోవడానికి అశోక్‌నగర్ గది నుంచి ఆయన దగ్గరికి నడిచి వెళ్లాను. అప్పటికే పెరిటోనియం నన్ను రెండు వైవా నోటిపరీక్షల్లో పడగొట్టింది. పొట్ట గోడకు లోపలివైపు అంటుకుని, వెనక నుంచి తిరిగొచ్చి పేగుల మీద కప్పుకునే పలుచని పొర అది, మూతి మూసిన సంచి లాంటిది. "పేగులు ఆ సంచి లోపలున్నాయా, బయటున్నాయా?" అని అనాటమీ హెచ్‌ఓడీ సారు అడిగితే, "ఉన్నాయి సార్" అన్నాను. నా జ్ఞానం అంతవరకే.

"డాక్టర్ సాబ్, మొఖం గట్ల వెట్టినవేంది? ఏప్రాన్ బిగువైందా?" అన్నారు మాస్టర్.

"ఏప్రాన్ కాదు మాస్టర్, కడుపు."

సంగతంతా విని, ఆయన ఒక దిండు గలేబు తీసుకుని దాని మూతి కుట్టేశారు. దాని మీద పిడికిలి పెట్టి లోపలికి నొక్కారు.

"చెయ్యి సంచి లోపలికి పోయిందా?"

"పోయినట్టే ఉన్నది."

"పోలే. సంచే చెయ్యి మీదికొచ్చింది. చెయ్యి ఇంక బయటనే ఉన్నది. నీ పేగు గూడ గంతే."

"మరి పేగుకు రక్తనాళాలు ఎట్ల పోతయి?"

"మణికట్టు కాడ బట్ట రెండు పొరలైంది సూడు. ఆ నడిమిట్లకెళ్లి పోతయి. పైజామా నేఫాల నాడా పోతలేదా? గిదంత కోటుకు లోపల అస్తరు కుట్టినట్టే. గింతదానికి పరేషానెందుకు?"

పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చి, తర్వాత మిషను పట్టిన మనిషి. ఆయనకు అయిదు నిమిషాల్లో అందింది, మాకు ఏడాదిగా అందలేదు. పైగా "నాకు బొమ్మ సూపియ్యి, కుట్టిస్త" అన్నారు. ఇరవై రోజులు పుస్తకం మోసుకెళ్లాను. ఎర్ర మఖ్మల్‌తో కాలేయం, ఖాకీ ముక్కతో జీర్ణాశయం, పైజామా గుడ్డతో పేగులు, వీటన్నిటినీ కప్పుతూ తెల్లటి సాటిన్ అస్తరు. జీర్ణాశయం వెనక ఒక చిన్న సంచి ఉంటుందనీ, కాలేయం కింద ఒక వేలు పట్టేంత దారి తప్ప దానికి వేరే దారి లేదనీ చెబితే ఆయన మొహం వెలిగిపోయింది.

"అరే, గిది చోర్ జేబు! జర బయట నిలబడు. గిది నేనొక్కణ్నే కుడుత."

ఆ మోడల్ చూసి మా బ్యాచంతా పాసయింది. హెచ్‌ఓడీ సారు దాన్ని మ్యూజియంలో గాజు బీరువాకు ఎక్కించారు. కింద అట్ట మీద 'రూపకల్పన: విభాగాధిపతి' అని రాయించారు. తన ఏప్రాన్‌కు ఊడిన గుండీ మూడు నెలలుగా కుట్టుకోలేని మహానుభావుడు!

మాస్టర్ దుకాణం మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన పని చూసుకుందామని ఒకసారి కాలేజీకి వచ్చారు. బయటివాళ్లకు ప్రవేశం లేదన్నారు. గుమ్మంలోనే నిలబడి, మెడ సాచి చూశారు.

"చీటీ మీద ఏం రాసిన్రు?"

చెప్పాను. నోరు తెరిచి అది తప్పని మాత్రం లోపల ఎవరికీ చెప్పలేదు. మరుసటి వారం సారు దగ్గరే ఇంకో వైవా ఉంది. సారు మీద నాకెంత మంటో, ఆ రోజు గుమ్మంలో నిలబడ్డ నా మీదా అంతే మంట.

తిరిగొస్తూ నారాయణగూడలో చాయ్ తాగుతుంటే ఆయనే నన్ను ఊరుకోబెట్టారు. "పరేషాన్ గాకు. నా చీటీ లేకుండ నా దుకాణంకెళ్లి సరుకు ఎన్నడన్న బయటికి పోయిందా?" ఏదో ఓదార్పు మాట అనుకున్నాను.

మంగళవారం ఏప్రాన్ తొడుక్కుంటుంటే కాలర్ లోపల కుట్టిన ఆయన దుకాణం గుడ్డ చీటీ మెడకు గీసుకుంది. ఎర్ర దారంతో పేరు, కింద చిక్కడపల్లి. నాలుగు మూలలా నాలుగు కుట్లు. అలాగే మ్యూజియానికి పరిగెత్తాను.

"ఏంది తమ్మీ, అద్దం తెరుస్తవా? సారుకు చెప్పాల్నా?" అన్నాడు అటెండర్.

"చెప్పు అన్నా, పిలువు గూడ."

ఎర్ర మఖ్మల్ కింద దారి దొరికింది. చోర్ జేబులో, వెనక గోడకు, గరుకుగా చిన్న గుడ్డముక్క వేలికి తగిలింది. నాలుగు మూలలా నాలుగు కుట్లు. దాన్ని చూడాలంటే కత్తిరించాలి. కత్తెర నా జేబులోనే ఉంది, తీయలేదు.

బుధవారం నుంచి జూనియర్లను తీసుకెళుతున్నాను. పాఠం అదే కాబట్టి సారు కాదనలేరు. ఒకరి తర్వాత ఒకరు కాలేయం కింద వేలు పెడతారు, లోపల చీటీ తగిలి ఒక్క క్షణం ఆగుతారు, అట్ట మీది రాత వైపు ఓసారి చూస్తారు. వరుస గుమ్మం దాటి వరండా దాకా ఉంది. అందరూ నిలబడే ఉన్నారు.