మావ ముక్కు, నా కిమ్చీ పాస్తా

మనిషి తన ఇంట్లో, తన పొయ్యి దగ్గర నిలబడి, ఎవరి సాయమూ లేకుండా ఎంత ముప్పు తెచ్చుకోగలడో తెలియాలంటే నేను కిమ్చీ పాస్తా వండిన ఆదివారం సంగతి వినండి. ఆ ఒక్క పూటలో మా ఆవిడ అలిగింది, ఒక చేపలావిడ నా వంశాన్నంతా తిట్టిపోసింది, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా ఒకటి ఎందుకూ పనికిరాకుండా పోయింది.

బొబ్బిలిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నాది. మాది బాప్టిస్టు చర్చికి వెళ్లే కుటుంబం. మా ఆవిడ రత్నం కళింగపట్నంలో చేపల వ్యాపారం చేసే అప్పన్నగారి ఒక్కగానొక్క కూతురు. మేం ప్రేమించి పెళ్లి చేసుకున్నాక మా మావ మా గడప తొక్కలేదు. రత్నం నెల తప్పిందని తెలిశాకే కాస్త మెత్తబడి, ఒకసారి చూసి వెళ్తానని కబురు పంపాడు. చూడ్డం వరకేనట. చెయ్యి మాత్రం కడగడట.

ఆ చివరి మాట నన్ను గిల్లింది. ఎలాగైనా ఆయన చేత తినిపించాలి. చేపల పులుసు పెడదామంటే, పొద్దున లేస్తే చేపల మధ్య తిరిగే మనిషికి పులుసు పెట్టడమంటే జడ్జి ముందు దొంగసాక్ష్యం చెప్పడమే. కోడికూర పెడితే ఉప్పు చాలలేదంటాడు. కాబట్టి ఆయన పుట్టాక ఎన్నడూ రుచి చూడనిది పెట్టాలి. దేనితో పోల్చాలో తెలియకపోతే ఏమని వంక పెడతాడు? ఇంత తెలివి నాకు డిగ్రీ పరీక్షల్లో తట్టి ఉంటే ఈపాటికి ఎక్కడో ఉండేవాణ్ణి.

రత్నమూ నేనూ రోజూ కొరియా సీరియళ్లు చూస్తాం. అలా చూస్తుండగా ఫోనులో ఓ వంట వీడియో తగిలింది. సగం కొరియా, సగం ఇటలీ. పాస్తాను టమాటా, మీగడ, చీజ్‌లతో ఉడికించి, పైన పులిసిన క్యాబేజీ పచ్చడి, అంటే కిమ్చీ కలుపుతారు. అలిసిపోయిన మనసుకి అమ్మ ఒడిలాంటి తిండి అని ఆ వీడియో అమ్మాయి కళ్లు మూసుకుని మరీ చెప్పింది. మా మావకి కావలసింది అదే అనుకున్నాను. కొరియా మిరప ముద్ద బొబ్బిలిలో దొరకదు కాబట్టి పండుమిరప పచ్చడిలో బెల్లం నూరాను. క్యాబేజీకి ఉప్పు, కారం, వెల్లుల్లి, గుప్పెడు ఎండురొయ్యలు పట్టించి, పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో కుక్కి, మూత బిగించాను.

రెండు రోజులకే అది తన ఉనికిని చాటుకుంది. అసలే వేవిళ్లతో ఉన్న రత్నం, తక్షణం బయట పారేయమంది. పారేశానని చెప్పి పడకగది అటక మీద, దుప్పట్ల వెనక దాచాను. ఇంకా వాసన వస్తోందంటే ఆ నేరం వీధి కాలవ మీదకి నెట్టాను. ఆ కాలవని బాగుచేయించమని ఆమె మున్సిపాలిటీకి ఫోను కూడా చేసింది, పాపం.

ఆదివారం నేను ఆరాధనకి డుమ్మా కొట్టి పాస్తా వండాను. భోజనాల వేళకి అటక మీది సరుకు దించి కలిపేస్తే సరి. అంతలో మావ వచ్చాడు. కూతురి తల నిమిరి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు పుచ్చుకున్నాడు. నాతో మాట్లాడలేదు. ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చాడు. మళ్లీ ఎగబీల్చాడు. తరవాత గోడకేసి చూస్తూ కూతురితో అన్నాడు:

"మీ ఆయన్నడుగు. ఇంట్లోకి ఏ సేప తెచ్చినాడు? అది సచ్చి సానా రోజులైనాది."

అప్పుడు నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ పారేశానన్న డబ్బా సంగతి రత్నం ముందు ఎలా చెప్పను? నిన్న తెచ్చిన చేపండీ అన్నాను. ఎవరి దగ్గరని గోడని అడిగాడు. బజారులో నాకు పేరు తెలిసిన చేపలావిడ ఒక్కతే. పోలమ్మ దగ్గర అన్నాను.

ఆయన లేచాడు. కడుపుతో ఉన్న తన కూతురికి కుళ్లిన చేప అంటగట్టిన మనిషిని ఊరికే వదలడట. నేను వెనకాల పరిగెత్తాను, వద్దు మావా, పోనీండి మావా అంటూ. ఆదివారం చేపల బజారు జనంతో కిటకిటలాడుతోంది. ఆ జనం మధ్యలో ఆయన పోలమ్మని నిలదీశాడు. పోలమ్మ నన్ను ఎగాదిగా చూసి, ఈ మొహం తన గంప దగ్గరకి వచ్చి నెల దాటిందని చెప్పింది. మా తాత ముత్తాతల గురించి కూడా కొంత చెప్పింది. చివరికి కత్తిపీట పక్కకి తోసి లేచింది.

"నా సేప కుళ్లిపోనాదని తేలితే ఈ యాపారం మానేస్తాను. పద, సూపించు."

ముగ్గురం ఇంటికి వచ్చాం. గుమ్మంలోనే ఆవిడ ఆగి గాలి పీల్చింది. ఇది తన చేప కాదని, అసలు చేపే కాదని తేల్చేసింది. ఇద్దరూ వాసన పట్టుకుని హాలు దాటి, వంటిల్లు దాటి, తిన్నగా పడకగదిలోకి నడిచారు. ఇంటికి కన్నం వేసిన దొంగలా నేను తలవంచుకుని నిలబడ్డాను. మావ స్టూలెక్కి దుప్పట్లు తోసి డబ్బా దించాడు. అది కడుపు ఉబ్బి గుండ్రంగా ఉంది. మూత తియ్యొద్దని నేను అనేలోపే తీసేశాడు.

సోడా కాయ కొట్టినట్టు చప్పుడైంది. ఎర్రటి రసం ఆయన తెల్ల చొక్కా మీదా, మీసాల మీదా, పైన ఫ్యాను రెక్కల మీదా పడింది. ఒక క్యాబేజీ ఆకు ఆయన భుజం మీద కండువాలా వాలింది.

"పారేసినానన్నావు," అంది రత్నం. నా వైపు వీపు తిప్పేసింది. దానికే భయం వేసింది.

నేను మొత్తం ఒప్పుకున్నాను. వీడియో, అమ్మ ఒడి, కొరియా, ఇటలీ, అన్నీ. పోలమ్మ వంటింట్లోకి పోయి పాస్తా చూసింది. డబ్బాలో మిగిలిన ఆకొకటి అందులో ముంచి నోట్లో పెట్టుకుని, అంతలోనే పెరట్లోకి పోయి ఉమ్మేసి వచ్చింది.

"ఓలమ్మ, ఇది మనిసన్నోడు తింతాడేటి? గొడ్డు కూడా ముట్టదు."

మా మావ మొహం తుడుచుకోవడం ఆపాడు. ఆవిడ వైపు తిరిగాడు.

"మా అల్లుడు వండినాడు. ఆ కూర సంగతి నీకేటి తెలుస్తాది? రత్నం, నాకు కంచం ఎట్టు."

అలా అని, ఆ చొక్కాతోనే పీట మీద కూర్చున్నాడు. పాస్తాలో కిమ్చీ కలిపి వడ్డించాను. ఆయన నుదురు చెమటలు కక్కింది. కళ్లు నీళ్లు కార్చాయి. పోలమ్మ గుమ్మానికి ఆనుకుని కన్నార్పకుండా చూస్తోంది, ఈయన కన్నార్పకుండా తింటున్నాడు. కంచం ఖాళీ చేసి, ఆవిడ వినేలా మారు అడిగాడు. పోలమ్మ ఓడిపోయిన దానిలా వెళ్లిపోయింది. నేను మాత్రం వంటింట్లో మొహం కడుక్కునే నెపంతో చాలాసేపు ఉండిపోయాను.

వెళ్లేటప్పుడు నాతో "వస్తాను" అన్నాడు. గోడతో కాదు, నాతోనే. రత్నం కూడా రెండు రోజులకి మాట్లాడింది. గెలిచానని కొట్లో వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాను.

నిన్న మావ ఫోను చేశాడు.

"అల్లుడూ, సీమంతానికి మావోళ్లందరూ వస్తన్నారు. వంటోళ్లని ఒద్దనేసినాను. మా అల్లుడు వండుతాడని ఊరంతా సెప్పేసినాను. ఆ డబ్బా సరుకు ఎక్కువగా కట్టు."

ఆయన ఊరంటే మీకు తెలీదు. పడవకి పదిమంది చొప్పున లెక్కేసుకోండి.

అందుచేత, ఈ పొయ్యి మీద చెయ్యి వేసి, అది చల్లగా ఉందని చూసుకున్న తరవాతే, ప్రమాణం చేస్తున్నాను. ఎవరి మనసు గెలవడానికీ, ఏ దేశం వంటా, నా కంఠంలో ప్రాణం ఉండగా మళ్లీ వండను. ఈ ప్రమాణం సీమంతం మర్నాటి నుంచి అమల్లోకి వస్తుంది. ప్రస్తుతం సెలవిప్పించండి, బస్తాడు క్యాబేజీ తరగాలి.