అమూల్య వాళ్ల ఊరి చిక్కుడు కొత్త

తిరుమలాయపాలెంలో మొదటి బస్సు ఆరూ పదికి. ఆరింటికల్లా స్టాపులో ఉండాలని ఇంటింటికీ చీటీ రాసి పంపితే, పిల్లలు ఆరుగురూ అయిదున్నరకే వచ్చి మంకీ క్యాపుల్లో నిలబడ్డారు. ఆలస్యంగా వచ్చింది నేనొక్కదాన్నే. మా ఆయా రమణమ్మ ఊరుకుంటుందా! "పిల్లలకేమో టైముకు రావాలని చెప్తరు" అని అందరి ముందూ అననే అంది.

మా చిన్న బడిలో ఎల్‌కేజీ, యూకేజీ రెండూ నేనే చూస్తాను. ఏటా జనవరిలో ఒక పిల్ల సొంతూరికి మిగతా పిల్లల్ని తీసుకుపోవడం నేను పెట్టిన అలవాటు. మనం ఎవరం, మన పెద్దలు ఎలా బతికారు అని చార్టు చూపించి చెబితే నాలుగేళ్ల పిల్లలు ఆవలిస్తారు. ఊరికి తీసుకుపోతే ఒక్కరూ ఆవలించరు. ఈసారి వంతు అమూల్యది. వాళ్లది పినపాక మండలంలో అడవిని ఆనుకుని ఉన్న ఒక కోయగూడెం.

అమూల్య సంగతి ముందే చెప్పాలి. వాళ్లమ్మ భద్రమ్మ మా వైపు మిరప తోటల్లో కూలికి వచ్చి, దసరా సెలవులయ్యాక పిల్లను మా బడిలో వేసింది. పిల్ల చురుకు. మూడు నెలల్లో తెలుగు గడగడా పట్టేసింది. కానీ మధ్యాహ్నం చిక్కుడుకాయ కూర చేసిన రోజు కంచం ముట్టేది కాదు. బతిమాలాను, కసిరాను, రెండు మూడుసార్లు గోడ దగ్గర నిలబెట్టాను కూడా. ఇంత మొండిదాన్ని నా సర్వీసులో చూడలేదని భద్రమ్మతో అనేశాను. ఆమె తల వంచుకుని విని, సంక్రాంతి సెలవులకు ముందు వచ్చి ఒక్కమాట చెప్పింది. "పండుగకు పోయినప్పుడు దీన్ని ఆడనే మా అమ్మ దగ్గర ఇడిచిపెడత టీచర్. బడి పడ్తలేదు దీనికి."

నా గుండెలో రాయి పడింది. అందుకే ఈ ఏడు అమూల్య ఊరు ఎంచుకున్నాను. వెళ్లేటప్పుడు ఆరుగురు, వచ్చేటప్పుడూ ఆరుగురే ఉండాలని గట్టిగా అనుకున్నాను.

ఖమ్మంలో దిగి, బస్టాండు పక్కన ఇడ్లీ తిని, ఏడూ నలభైకి మణుగూరు బస్సు ఎక్కాం. పెద్దవాళ్లం ముగ్గురం, నేనూ రమణమ్మా భద్రమ్మా, ఆధార్ చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్లు తీసుకున్నాం. కండక్టరు మా రిహాన్‌ను చూసి "వీనికి అయిదు నిండలేదు కదా మేడం?" అని తనే దారి చూపించాడు. రిహాన్‌కు పౌరుషం వచ్చింది. "నిండినయ్! మొన్ననే కేక్ కోసిన!" బస్సంతా నవ్వింది. నేను అర టికెట్టు కొన్నాను.

కొత్తగూడెం దాటాక పక్క సీట్లో ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. మణుగూరులో బొగ్గు బాయి పని, ఇంకో రెండేళ్లలో రిటైరట. "పోరగాండ్లను భద్రాచలం గుడికి తీస్కపోతున్నరా?" అన్నాడు. కాదు, ఈ పాప వాళ్ల ఊరికి అన్నాను. "గూడెంల చూసేటందుకు ఏముంటది మేడం?" అని, మళ్లీ తనే, "ముప్పై ఏండ్లాయె నేనీడికొచ్చి. డ్యూటీ కాడికెల్లి చూస్తే ఎదురుంగ అడవే. ఒక్కనాడు లోపటికి పోలే" అన్నాడు. దిగేటప్పుడు పిల్లలందరికీ పల్లీపట్టీలు కొనిచ్చాడు.

పన్నెండు గంటలకు మణుగూరు. అక్కడి నుంచి రెండు ఆటోలు మాట్లాడుకున్నాం. చివరి మూడు కిలోమీటర్లు మట్టిదారి, రెండు వైపులా టేకు చెట్లు. ఒంటిగంటకు గూడెం చేరాం.

అమూల్య అమ్మమ్మ ముత్తమ్మ గుమ్మంలోనే కాళ్లకు నీళ్లిచ్చింది. అలికిన వాకిట్లో పిల్లలకు చాప పరిచింది. వట్టి చేతులతో ఎలా పోతామని నేనూ ఒక కానుక తెచ్చాను. మా పెరటి పాదుకు కాసిన చిక్కుడుకాయలు, లేతవి, రెండు కిలోలు. భద్రమ్మకు కూడా చెప్పకుండా సంచి అడుగున దాచి తెచ్చాను. అమ్మమ్మ చేత్తో వండితే మొండిపట్టు వదులుతుందని నా ఉపాయం! సంచి విప్పి గర్వంగా చాప మీద పెట్టాను.

ముత్తమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. భద్రమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, లోపలికి తేకమ్మా," అంది ముత్తమ్మ మెల్లగా. "మాకింకా చిక్కుడు కొత్త పండుగ కాలే. రేపు పొద్దుగాల వేల్పుకు పెడ్తం. పెట్టకముందు ఆ కాయ ముట్టం."

సంచిని రమణమ్మ తీసుకుపోయి ఊరి బయట చెట్టుకు తగిలించి వచ్చింది. ఈలోపు ముత్తమ్మ మనవరాలిని దగ్గరికి తీసుకుని కోయలో ఏదో అడిగింది. అమూల్య తల అడ్డంగా ఊపి, చెయ్యి నా వైపు చూపిస్తూ జవాబు చెప్పింది.

"ఏమంటోంది?" అన్నాను.

భద్రమ్మ నన్ను చూడకుండా చెప్పింది. "బడిల చిక్కుడుకాయ పెడ్తరంట గదా, తిన్నవా అని మా అమ్మ అడిగింది. తినలేదంట. గోడకు నిలబెట్టినా తినలేదంట."

తల కొట్టేసినట్టయింది. అయిదేళ్ల పిల్ల! ఊరు కాని ఊళ్లో, చెప్పేవాళ్లు లేరు, చూసేవాళ్లు లేరు. పక్కనున్న పిల్లలందరూ తింటుంటే తన వాళ్ల పండుగ కాలేదని ఆకలితో కూర్చుంది. నేనేమో మొండి అని పేరు పెట్టాను.

"మరి నాతో ఒక్కమాట చెప్పకపోయావా భద్రమ్మా?"

"నవ్వుతరనుకున్న టీచర్. మా పండుగ ముచ్చట చెప్తే మా కూలీల మేస్త్రీ నవ్విండు."

రిహాన్ అంతా వింటూనే ఉన్నాడు. "మా దాదీ రోజా ఉంటే నీళ్లు గూడ తాగది టీచర్. ఆమెనెవ్వరు గోడకు నిలబెట్టరు" అన్నాడు. వాడి మాట చురుక్కుమని తగిలింది.

ఆ పూట అన్నం, కందిపప్పు, గోంగూర పచ్చడి. సాయంత్రం పిల్లలు గూడెం పిల్లలతో కలిసి చీకటి పడేదాకా ఆడారు. ముత్తమ్మ ఇంట్లోనే వరసగా పడుకున్నాం.

తెల్లారి ఎనిమిదింటికి వేల్పు దగ్గరికి ఊరంతా వచ్చింది. డోలు మోగింది. కొత్త కుండలో వండిన చిక్కుడుకాయ, అన్నం ముందు వేల్పుకు పెట్టారు. తర్వాత ఊరి పూజారి తినాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు. ముత్తమ్మ ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన దొప్ప పట్టుకుని అమూల్యను పిలిచాడు. మాకూ తెలియాలని తెలుగులోనే అన్నాడు.

"ఊళ్లె ఉండి మేం ఆగుడు గొప్ప కాదు. చుట్టూత అందరం ఆగుతం. ఇంత పిల్ల బయట ఉండి ఒక్కతే ఆగింది. ఈ యేడు నా వంతు ఈమెకే."

అమూల్య మోదుగాకు దొప్ప రెండు చేతులతో అందుకుని మొదటి ముద్ద తింది. నాకు కన్నీళ్లు ఆగలేదు. చెప్పుకోవడానికి సిగ్గేముంది, బొటబొటా ఏడ్చాను. నా క్లాసు పిల్ల అది, నా క్లాసు పిల్ల! తర్వాత దొప్పలు తనే మా పిల్లలందరికీ పంచింది. ఇంట్లో కూర అంటే పారిపోయేవాళ్లు కూడా నాకి మరీ తిన్నారు.

పన్నెండింటికి ఆటోలొచ్చాయి. భద్రమ్మ తన సంచి ఒక్కటే బయటికి తెచ్చింది. నేను ముత్తమ్మ ముందు నిలబడి చెప్పాను. "తప్పు నాదమ్మా. తెలుసుకోకుండా పిల్లను శిక్షించాను. ఇక మీ పండుగలు అడిగి తెలుసుకున్నాకే కంచం పెడతాను. పిల్లను పంపండి."

ముత్తమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "టీచరమ్మ తప్పయిందంటే ఇంకేమంటం? నాకేమో ఉంచుకోవాలనే ఉంది. పిల్లనే అడుగు."

అడగడానికి పిల్ల అక్కడ లేదు. అప్పటికే ఆటోలో కూర్చుని, "ఈ జాగ నాది!" అని రిహాన్‌తో కొట్లాడుతోంది. ముత్తమ్మ నవ్వుతూ కళ్లు తుడుచుకుని, లోపలికి పోయి మనవరాలి బట్టల సంచి తెచ్చి దాని ఒళ్లో పెట్టింది.

రెండింటికి మణుగూరులో ఖమ్మం బస్సు దొరికింది. ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. జనవరిలో చలి ఎక్కువ, దుప్పట్లు పట్టుకెళ్లండి. తినే వస్తువు మాత్రం అడగకుండా పట్టుకెళ్లకండి. నేను చూసిన ఊళ్లలో ఇంత తలెత్తుకుని తిరిగొచ్చిన ఊరు ఇంకోటి లేదు.

కొత్తగూడెం వచ్చేసరికి మిగతా పిల్లలు నిద్రపోయారు. అమూల్యను ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగాను. "మీ అమ్మ సరే, భయపడింది. నువ్వన్నా నాకు చెప్పొచ్చు కదనే?"

"చెప్పిన టీచర్. ప్రతిసారి చెప్పిన."

"ఎప్పుడు?"

"గోడ కాడ. మా కోయ మాటల చెప్పిన. అప్పుడు నాకు మీ మాటలు రావు గద."

గోడ దగ్గర నిలబడి పెదవులు కదిపిన పిల్ల కళ్ల ముందు మెదిలింది. ఎదురు మాట్లాడుతోందనుకుని ఇంకో పది నిమిషాలు నిలబెట్టాను.

ఆ మాట ఇప్పుడు చెప్పమన్నాను. చెప్పింది. హాజరు పుస్తకం తీసి వెనక పేజీలో తెలుగు అక్షరాలతో రాసుకుని పైకి చదివాను. తప్పంది. మళ్లీ చదివాను. మళ్లీ తప్పంది. ఏన్కూరు దాటేదాకా వదిలిపెట్టలేదు. చివరికి నా గడ్డం పట్టుకుని నోటి వైపు చూస్తూ విని, "అవ్, ఇప్పుడొచ్చింది" అంది.